అటా, ఇటా అని అడిగేవాళ్ళకు: మేం గ్రామసభ వైపు



పోస్టు కొంచెం పెద్దది. ఓపికగా చివరిదాకా చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ సగంలో ఆపి తిట్టొద్దు.

ఈ మధ్య హాస్టళ్ళలో, కాలేజీల్లో, కోచింగ్ సెంటర్లలో ఒక మాట తెగ వినిపిస్తోంది. "రెండు వైపులా ఉన్న అతివాదులే దేశాన్ని నాశనం చేస్తున్నారు. అతి ఎక్కడున్నా తప్పే." వినడానికి బాగుంటుంది. ఎవరూ కాదనలేరు కూడా. అయితే ఈ మాట అన్న నోటితోనే మన వైపు తిరిగి, "ఇంతకీ నువ్వు ఎటు? అన్నల వైపా, పోలీసుల వైపా?" అని అడుగుతారు. ఇంటిపేరు మడకం, సోడి, కుంజా, మడివి అయితే చాలు, ఆ ప్రశ్న తప్పదు.

2025లో ఇది ఇంకా ఎక్కువైంది. మే 21న మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు నారాయణపూర్ అడవుల్లో చనిపోయాడు. నవంబరు 18న మారేడుమిల్లి దగ్గర హిడ్మా ఎదురుకాల్పుల్లో చనిపోయాడని పోలీసులు ప్రకటించారు. కొందరు స్టేటస్‌లో ఎర్రజెండాలు పెట్టారు, కొందరు మిఠాయి బొమ్మలు పెట్టారు. ఏ స్టేటస్సూ పెట్టని మన పిల్లల్ని మాత్రం రెండు గుంపులవాళ్ళూ నిలదీశారు, "నీ మౌనానికి అర్థం ఏంది?" అని.

అర్థం చెప్తున్నాం. రెండు అతులూ దేశాన్ని దెబ్బతీస్తాయా అంటే, తీస్తాయి. మా ఊళ్ళే సాక్ష్యం. కానీ ఆ మాట అక్కడితో ఆపేస్తే అది సగం నిజం, ఆ సగం నిజం చాటున చాలామంది దాక్కుంటున్నారు. ఆ రెండు అతుల మధ్య నలిగి చచ్చింది ఏంది, దాన్ని మళ్ళీ బతికించే బాధ్యత ఎవరిది అన్నది చెప్పకుండా "ఇద్దరూ చెడ్డవాళ్ళే" అని చేతులు దులుపుకోవడం మాకు కుదరదు.

ముందు బస్తర్‌లో ఏం జరిగిందో క్లుప్తంగా చెప్పుకుందాం. మన జూనియర్లలో చాలామంది అప్పటికి పుట్టలేదు.

2005 జూన్‌లో దక్షిణ బస్తర్‌లో, అప్పటి దంతెవాడ జిల్లాలో, సల్వా జుడుం మొదలైంది. గోండిలో ఆ పేరుకు శాంతి యాత్ర అని కొందరు, శుద్ధి వేట అని కొందరు అర్థం చెప్తారు. జరిగింది మాత్రం వేటే. దాన్ని నడిపిన మహేంద్ర కర్మ కాంగ్రెస్ నాయకుడు, ప్రతిపక్ష నేత. వెనక నిలబడ్డది రమణ్ సింగ్ బీజేపీ ప్రభుత్వం. దేశంలో ఏ విషయంలోనూ కలవని రెండు పార్టీలు ఆదివాసీ చేతికి తుపాకీ ఇచ్చే విషయంలో కలిశాయి. ఇది గుర్తుపెట్టుకోండి.

ఊరికి వచ్చేవాళ్ళు. రోడ్డు పక్కన క్యాంపుకు నడవమనేవాళ్ళు. నడిస్తే జుడుం మనిషి, నడవకపోతే నక్సలైటు. మూడో రకం మనిషి ఉండడానికి వీల్లేదు. ఇళ్ళు తగలబడ్డాయి, ధాన్యం తగలబడింది. 600కు పైగా ఊళ్ళు ఖాళీ అయ్యాయని లెక్కలు చెప్తున్నాయి. కొందరు దోర్నపాల్, ఎర్రబోరు లాంటి క్యాంపుల్లో పడ్డారు. కొందరు అడవి లోపలికి పోయారు. వేల మంది శబరి దాటి, గోదావరి దాటి, అప్పటి ఉమ్మడి ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి, తూర్పు గోదావరి వైపుకి వచ్చారు.

క్యాంపుల్లో ఉన్న మన వయసు పిల్లల్ని ఎస్పీఓలుగా, అంటే ప్రత్యేక పోలీసు అధికారులుగా తీసుకున్నారు. పేరు పెద్దది. జీతం చివరకు నెలకు 3000 రూపాయలు. చదువు ఐదో తరగతి పాసైతే చాలు. రెండు నెలల శిక్షణ. చేతికి తుపాకీ. తన ఊరి దారులు, తన మేనమామ పొలం, తన చిన్నాన్న ఇల్లు తెలిసినవాడు కాబట్టే వాణ్ణి ముందు నడిపించారు.

ఇది ఒక అతి.

ఇక రెండోది. దాన్ని దాచి మాట్లాడితే ఈ పోస్టుకు విలువ లేదు.

2006 జూలైలో ఎర్రబోరు క్యాంపు మీద మావోయిస్టులు దాడి చేశారు. 30 మంది దాకా చనిపోయారు. అందులో ఉన్నది ఎవరు? ఊళ్ళు వదిలించి తెచ్చి పడేసిన కోయలు, దోర్లలు, వాళ్ళ ఇళ్ళ ఆడవాళ్ళు, పిల్లలు. 2007 మార్చిలో రాణిబోడ్లి పోలీసు క్యాంపు మీద దాడిలో 55 మంది చనిపోతే, ఎక్కువ మంది ఎస్పీఓలే. 2010 మేలో చింగావరం దగ్గర మామూలు బస్సును మందుపాతరతో పేల్చారు. ఎస్పీఓలు ఉన్నారని పేల్చారట. టికెట్ కొనుక్కుని ఎక్కిన మామూలు జనం సంగతి ఏంది మరి?

మన వైపు చూడండి. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను కాల్చి చంపారు. ఇద్దరూ ఆదివాసీలే. వాళ్ళ రాజకీయాలు నచ్చనివాళ్ళు చాలామంది ఉండొచ్చు. నచ్చకపోతే ఓడించడానికి ఓటు ఉంది, నిలదీయడానికి ఊరు ఉంది. అడవిలో ఆపి, విచారణ పేరుతో కాల్చేయడం ప్రజల న్యాయం ఎలా అవుతుంది? ఇక ఊళ్ళలో ఇన్‌ఫార్మర్ అని ముద్రవేసి చంపినవాళ్ళ పేర్లు పత్రికల్లో లోపలి పేజీల్లో నాలుగు లైన్లకే పరిమితం. పక్కన పడేసిన కరపత్రం ఎర్ర అక్షరాల్లో ఉంటుంది. చనిపోయినవాడు జవాబు చెప్పుకోలేడు. వాడి భార్య ఆ ఊళ్ళో తలెత్తుకుని తిరగలేదు. ఇదీ ఒక అతి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ రెండూ ఒకదానికొకటి శత్రువులు అనుకుంటాం. తుపాకుల వరకు నిజమే. కానీ పని చేసే తీరు చూస్తే ఒకదానికి మేత వేసింది రెండోదే.

జుడుం ఒక ఊరు తగలబెడితే, ఆ ఊరి పిల్లల్లో కొంతమంది దళంలోకి పోయారు. దళం ఒక ఊరి పటేల్‌ను చంపితే, ఆ పటేల్ కొడుకు ఎస్పీఓ అయ్యాడు. జుడుం రాకముందు ఎటూ కాని జనం ఊరి నిండా ఉండేవాళ్ళు. సంఘానికి బియ్యం పెట్టేవాళ్ళు, పోలీసు వస్తే నీళ్ళు ఇచ్చేవాళ్ళు, ఇద్దరూ పోయాక తమ పండుగ తాము చేసుకునేవాళ్ళు. ఆ ఎటూ కానివాళ్ళంటేనే రెండు వైపులకూ అసహనం. "మాతో లేనివాడు వాళ్ళతో ఉన్నట్టే" అన్న వాక్యం రెండు శిబిరాల్లోనూ ఒకటే. జెండా రంగు వేరు, అంతే.

దాంతో ముందుగా చచ్చింది ఊరి నోరు. పటేల్, పూజారి, పెద్దలు చెట్టుకింద కూర్చుని మాట్లాడుకునే పద్ధతి పోయింది. నలుగురు కూడితే ఒకడికి అది సంఘం మీటింగ్, ఇంకొకడికి పోలీసుల ముచ్చట.

ఎడెస్‌మెట్టలో 2013 మే 17 రాత్రి బీజ పండుం జరుగుతోంది. విత్తనాల పండుగ, మనమూ చేసుకునేదే. అక్కడ కూడిన జనం మీద బలగాలు కాల్పులు జరిపితే 8 మంది ఊరివాళ్ళు చనిపోయారు, వాళ్ళలో పిల్లలూ ఉన్నారు. అంతకు ముందు ఏడాది, 2012 జూన్ 28 రాత్రి, సర్కేగూడలో 17 మంది. రెండు ఘటనల మీదా జస్టిస్ వి.కె. అగర్వాల్ కమిషన్ విచారణ చేసింది. చనిపోయినవాళ్ళు మావోయిస్టులు అనడానికి ఆధారం లేదని తేల్చింది. తేల్చేసరికి ఏళ్ళు గడిచిపోయాయి. పండుగ చేసుకోవడానికి కూడడమే నేరమైన చోట గ్రామసభ ఎలా కూడుతుంది?

రెండో చావు బడిది. చదువుకునే మనకు ఇది ఇంకా బాగా తెలియాలి. బలగాలు బడి భవనాల్లో, హాస్టళ్ళలో మకాం పెట్టాయి. బలగాలు మకాం పెడతాయని చెప్పి మావోయిస్టులు బడులు పేల్చేశారు. ఒకడు బడిని క్యాంపు చేశాడు, ఒకడు క్యాంపు అవుతుందని బడిని కూల్చాడు. ఇద్దరి వాదనలోనూ తర్కం ఉంది. పలక పట్టుకున్న పిల్లకు మాత్రం బడి లేదు. ఒక తరం చదువు అలా పోయింది. ఆ తరమే ఇప్పుడు మిర్చి తోటల్లో కూలీకి మన ఊళ్ళకు వస్తోంది.

ఈ మధ్యవి రెండు చెప్తాం, పక్కపక్కన పెట్టి చూడండి.

2021 మేలో సిల్గేర్‌లో పోలీసు క్యాంపు పెట్టడాన్ని ప్రశ్నిస్తూ ఊళ్ళకు ఊళ్ళు రోడ్డు మీద కూర్చున్నాయి. మే 17న కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. తొక్కిసలాటలో గాయపడిన గర్భిణి తర్వాత చనిపోయింది. అప్పుడు మన వయసు కుర్రాళ్ళు, అమ్మాయిలు మూలవాసీ బచావో మంచ్ అని పెట్టుకుని, తుపాకీ లేకుండా, నెలల తరబడి ధర్నా చేశారు. కలెక్టర్లకు అర్జీలు పెట్టారు, గ్రామసభ అనుమతి ఏదీ అని అడిగారు. 2024లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆ సంస్థను నిషేధించింది.

అదే సుక్మా, బీజాపూర్ అడవుల్లో మూతపడ్డ బడులు తెరిచి, అక్కడి చదువుకున్న పిల్లల్నే చిన్న గౌరవ వేతనం మీద శిక్షాదూత్‌లుగా పెట్టారు. మన విద్యా వాలంటీర్ల లాంటివాళ్ళు. 2025లో వాళ్ళలో కొందరిని ఇన్‌ఫార్మర్లని చెప్పి మావోయిస్టులు చంపారు.

అర్జీ పట్టుకున్నవాడు ఒకరికి పనికిరాలేదు. చాక్‌పీసు పట్టుకున్నవాడు ఇంకొకరికి పనికిరాలేదు. వీళ్ళిద్దరూ ఎవరనుకున్నారు? మనమే. ఈ గ్రూపులో ఈ పోస్టు చదువుతున్న మీరే, సరిహద్దుకు 50 కిలోమీటర్లు అటు పుట్టి ఉంటే.

ఇంకో లెక్క కూడా చూడాలి. చంపుకున్నది ఎవరు, ఆజ్ఞ ఇచ్చింది ఎవరు? మావోయిస్టు పార్టీ పై కమిటీల్లో దశాబ్దాలుగా ఎక్కువ మంది మన తెలుగు మైదానాల నుంచి వెళ్ళినవాళ్ళు. వాళ్ళు 1980లో దండకారణ్యంలో అడుగుపెడితే, బస్తర్ ఆదివాసీ హిడ్మా కేంద్ర కమిటీ దాకా రావడానికి దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టింది. ప్రభుత్వం వైపు కూడా అంతే. విధానం ఢిల్లీలో, రాయ్‌పూర్‌లో తయారవుతుంది. ముందు వరుసలో నడిచేది డీఆర్‌జీ జవాను. అంటే లొంగిపోయిన మన పిల్లవాడు, లేదంటే ఆ పక్క ఊరి పిల్లవాడు. 2023 ఏప్రిల్‌లో అరన్‌పూర్ దగ్గర మందుపాతరకు చనిపోయిన 10 మంది జవాన్లు డీఆర్‌జీ వాళ్ళే. దళంలో చనిపోయేవాళ్ళ పేర్లు చూడండి, డీఆర్‌జీలో చనిపోయేవాళ్ళ పేర్లు చూడండి. ఇంటిపేర్లు కలుస్తాయి. ఒకే గట్టు, ఒకే వేల్పు ఉన్నవాళ్ళూ ఉంటారు. రెండు వైపుల నాయకులూ "మా అమరులు" అంటారు. మన తల్లులు మాత్రం రెండు వైపులా ఏడుస్తారు.

ఇప్పుడు మాకు వచ్చే ఎదురు ప్రశ్నలకు వద్దాం.

మొదటి ప్రశ్న: "అయితే ఇద్దరూ సమానమే అంటారా?"

అనం. ఇక్కడే మేం ఆ తీపి మాట చెప్పేవాళ్ళతో విడిపోతాం. ప్రభుత్వం రాజ్యాంగం మీద ప్రమాణం చేసి కుర్చీలో కూర్చుంది. మన ఓటుతో, మన పన్నుతో నడుస్తోంది. ఐదో షెడ్యూల్ ప్రకారం మనకు ప్రత్యేకంగా బాధ్యత పడింది. నేరం చేసినవాణ్ణి పట్టుకునే అధికారం దానికి ఉంది, కోర్టు ఉంది, జైలు ఉంది. అన్నీ ఉండి చట్టం తప్పినవాణ్ణి ఎక్కువ గట్టిగా అడగాల్సిందే. ఇది మావోయిస్టును తక్కువ చేయడం కాదు. కాపలాకు పెట్టుకున్నవాడే కంచె విరిస్తే లెక్క వేరుగా ఉంటుంది.

ఈ మాట మేం కొత్తగా చెప్తున్నది కాదు. 2011 జూలై 5న సుప్రీంకోర్టులో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ఇచ్చిన తీర్పు ఇదే చెప్పింది. చదువూ శిక్షణా సరిగ్గా లేని ఆదివాసీ యువకుల చేతికి తుపాకీ ఇచ్చి ముందుకు తోయడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణలకు విరుద్ధమని తేల్చింది. ఆ తీర్పు మావోయిస్టులను మెచ్చుకోలేదు. చట్టం దాటకుండా వాళ్ళను ఎదుర్కొమ్మని రాష్ట్రానికి చెప్పింది. 2011 మార్చిలో తాడ్‌మెట్ల, మోర్‌పల్లి, తిమ్మాపురంలో ఇళ్ళు తగలబెట్టిన కేసును సీబీఐకి అప్పగించింది. మధ్య దారి అంటే ఏంటో ఈ దేశంలో ఎవరైనా స్పష్టంగా రాశారంటే ఆ తీర్పులో రాశారు.

తర్వాత ఏమైంది? ఆ ఏడాదే ఛత్తీస్‌గఢ్ కొత్త చట్టం చేసి ఆ ఎస్పీఓలనే సహాయక బలగంగా తీసుకుంది. పేరు మారింది. 2025 ఆగస్టులో జస్టిస్ సుదర్శన్ రెడ్డి ఉపరాష్ట్రపతి అభ్యర్థిగా నిలబడితే, ఆ తీర్పు వల్లే నక్సలిజం ఇంతకాలం బతికిందని కేంద్ర హోంమంత్రి అన్నారు. అంటే తుపాకీ లేకుండా చట్టం చెప్పిన న్యాయమూర్తిని కూడా "నువ్వు అటే" అన్నారు. ఒక విశ్రాంత న్యాయమూర్తికే ఈ ముద్ర తప్పకపోతే, చర్ల సంతలో ఉప్పు కొనుక్కునే మన చిన్నాన్నకు తప్పుతుందా?

రెండో ప్రశ్న: "మావోయిస్టులను విమర్శిస్తే కార్పొరేట్లకు బలం ఇచ్చినట్టు కాదా? శ్రీకాకుళం పోరాటం లేకపోతే 1/70 వచ్చేదా?"

బాగా అడిగారు. శ్రీకాకుళం గిరిజనుల తిరుగుబాటు ప్రభుత్వాన్ని కదిలించింది, 1970లో వచ్చిన 1/70 చట్టం వెనక ఆ ఒత్తిడి ఉంది. కాదనం. పోరాటం లేకుండా మనకు ఏదీ రాలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పారిన రక్తం కూడా భూమి అడిగినందుకే. కానీ పోరాటం అంటే తుపాకీ ఒక్కటే అని ఎవరు చెప్పారు?

అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో మన భూముల్లో గనుల లీజుల మీద సమత సంస్థ కోర్టుకు వెళ్ళింది. 1997లో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజు చెల్లదని చెప్పింది. మనకు పొరుగున, ఒడిశా నియంగిరి కొండల్లో డోంగ్రియా కోంధులు వేదాంత కంపెనీతో తలపడ్డారు. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గ్రామసభలనే అడగమంది. ఆ ఏడాది వర్షాకాలంలో 12 ఊళ్ళు సభ పెట్టాయి. 12కు 12 వద్దన్నాయి. బాక్సైట్ ఇప్పటికీ కొండలోనే ఉంది. జిల్లా జడ్జి కూర్చుని రాసుకుంటుంటే మన ముసలమ్మలు లేచి తమ భాషలో "ఇది మా దేవుడి కొండ" అని చెప్పారు. ఇంతకంటే గట్టి పోరాటం ఏముంది? మధ్య దారి అంటే మెత్తదనం అనుకునేవాళ్ళు నియంగిరి ముసలమ్మల ముందు ఒకసారి కూర్చోవాలి.

కానీ ఒక నిజం ఒప్పుకోవాలి. చట్టం దారిలో నడిచినవాడికి చట్టం అన్నం పెట్టకపోతే వాడు ఎంతకాలం నడుస్తాడు? షెడ్యూల్డ్ ప్రాంతం టీచర్ పోస్టులు స్థానిక ఎస్టీలకే అన్న జీవో 3 ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ పోస్టుల కోసం చదివిన అక్కలు, అన్నలు ఈ గ్రూపులోనే ఉన్నారు. పీసా చట్టం వచ్చింది 1996లో. ఆంధ్రప్రదేశ్ నిబంధనలు చేసింది 2011లో, ఛత్తీస్‌గఢ్ చేసింది 2022లో. ఇరవై ఆరేళ్ళు! జుడుం పెట్టడానికి ఎన్ని రోజులు పట్టింది? క్యాంపు కట్టడానికి ఎన్ని రాత్రులు పడుతుంది? మధ్య దారిని ఇంత నీరసంగా వేసినవాళ్ళు, అంచులకు పోయిన పిల్లల్ని చూసి ఆశ్చర్యపోవడం మాకు ఆశ్చర్యంగా ఉంది.

మూడో ప్రశ్న: "ఇంకెందుకు ఈ గొడవ? నక్సలిజం అయిపోయింది కదా?"

2026 మార్చి 31 గడువు పెట్టి మరీ అంతం చేస్తామన్నారు. మల్లోజుల వేణుగోపాల్ లాంటి పెద్ద నాయకులు 2025 అక్టోబరులో ఆయుధాలు అప్పగించారు. తుపాకులు ఆగితే అందరికంటే ముందు సంతోషించేది మేమే. మందుపాతర భయం లేకుండా మా అమ్మలు ఇప్పపువ్వు ఏరుకోవాలి, తునికాకు కోసుకోవాలి. 2024 జనవరి 1న బీజాపూర్ జిల్లాలో కాల్పుల మధ్య తల్లి ఒడిలో ఆరు నెలల పాప చనిపోయింది. అలాంటిది ఇంకొకటి జరగకూడదు.

కానీ ఒక అతి ఓడిపోతే రెండో అతి చేసినవన్నీ ఒప్పులైపోవు. సర్కేగూడ ఫైలు మూసుకుపోకూడదు. తుపాకీ సాకు పోయాక కూడా క్యాంపులు, గనుల రోడ్లు మాత్రమే వచ్చి, బడీ ఆసుపత్రీ పట్టా రాకపోతే, అప్పుడు ఎవరి మీద నెపం పెడతారు? ఇన్నాళ్ళూ "మావోయిస్టులు అడ్డం" అన్నారు. ఇక అడ్డం లేదుగా. రండి, గ్రామసభ పెట్టండి. చూస్తాం.

ఇంత రాసి మన సంగతి మాట్లాడకపోతే న్యాయం కాదు. జుడుం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళను మనం ఏమని పిలుస్తున్నాం? గొత్తికోయలు. అటు పక్క వాళ్ళు ఎస్టీలు, ఇటు పక్క ఎస్టీ సర్టిఫికెట్ రాదు. అటవీ హక్కుల చట్టంలో గడువు తేదీ 2005 డిసెంబరు 13. జుడుం మొదలైంది అదే ఏడాది జూన్‌లో. ఆ గడువు దాటాక ప్రాణం అరచేతిలో పెట్టుకుని వచ్చినవాడికి ఇక్కడ భూమి మీద హక్కు లేదు. ఇల్లు వేస్తే ఫారెస్టోళ్ళు పీకుతారు. వెనక్కి పోతే ఒకప్పుడు ఇద్దరూ చంపేవాళ్ళు. మావోయిస్టు కొరియర్ అని మన పోలీసులు పట్టుకుపోతారు. అడవి నరుకుతున్నారని మన ఆదివాసీ సంఘాల్లోనే కొందరు తిడతారు.

2022 నవంబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పోడు గొడవలో ఒక ఫారెస్ట్ రేంజ్ అధికారి హత్య జరిగింది. ఘోరం. చేసినవాళ్ళు శిక్ష అనుభవించాల్సిందే. కానీ ఆ వెంటనే అక్కడి గొత్తికోయలందరినీ వెళ్ళగొట్టాలని స్థానిక గ్రామసభలో తీర్మానం చేశారు. ఇద్దరు చేసిన నేరానికి గూడెం మొత్తానికి శిక్ష! జుడుం తర్కం, ప్రజాకోర్టు తర్కం ఇదే కదా. గ్రామసభ వైపు అని చెప్పుకునే మేం ఇది కూడా చెప్పాలి: గ్రామసభ కూడా అతిగా పోగలదు. దానికి మందు తుపాకీ కాదు, రాజ్యాంగం. ఎవరూ ఎవర్నీ గుంపుగా శిక్షించకూడదన్న ఒక్క నియమం ఊరికీ వర్తిస్తుంది, పోలీసుకూ వర్తిస్తుంది, దళానికీ వర్తిస్తుంది.

అందుకే మేం అడిగేవి ఇవి.

1. బస్తర్ నుంచి వచ్చినవాళ్ళకు రెండు దారులూ తెరవాలి. తిరిగి పోతామంటే భూమి, భద్రత ఇచ్చి పంపాలి. ఉంటామంటే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వాలు కూర్చుని వాళ్ళ పిల్లలకు కుల ధ్రువీకరణ, బడి, రేషన్ తేల్చాలి.

2. సర్కేగూడ, ఎడెస్‌మెట్ట కమిషన్లు తేల్చినదాని మీద కేసులు నడవాలి. మావోయిస్టులు ఇన్‌ఫార్మర్లని చంపినవాళ్ళ కుటుంబాలకు కూడా అదే శ్రద్ధతో సాయం అందాలి. కన్నీళ్ళలో మనకు రెండు రకాలు లేవు.

3. ఐదో షెడ్యూల్ ఊళ్ళలో గ్రామసభ తీర్మానం లేకుండా గని గానీ, డ్యామ్ గానీ, క్యాంపు గానీ రాకూడదు. తీర్మానం అంటే రాత్రికి రాత్రి వేలిముద్రలు తీసుకున్న కాగితం కాదు.

4. తుపాకీ లేకుండా అడిగేవాళ్ళను నిషేధించడం ఆపాలి. ఆ దారి కూడా మూసేస్తే మిగిలేది ఏ దారో మీకే తెలుసు.

ఇక మనం చేయాల్సింది. సెలవులకు ఊరు పోయినప్పుడు గ్రామసభ ఎప్పుడు జరిగిందో కార్యదర్శిని అడగండి. మినిట్స్ పుస్తకం చూపించమనండి. లోపల ఉన్న సంతకాలు నిజంగా మీ ఊరివాళ్ళవో కాదో చూడండి. అమ్మకు, అవ్వకు చదివి వినిపించండి. పక్క గూడెంలో వలస కుటుంబం పిల్లలు బడికి వస్తున్నారో లేదో కనుక్కోండి. చిన్న పనులే. ఈ పనులు ఇరవై ఏళ్ళ కింద అక్కడ ఎవరైనా చేయనిచ్చి ఉంటే, ఇన్ని శవాలు లేచేవి కావు.

ఈసారి ఎవరైనా "నువ్వు అటా, ఇటా" అని అడిగితే తల దించుకోకండి, తప్పించుకోకండి. మా ఊరి సభ ఎప్పుడు పెడుతున్నారో ముందు మీరు చెప్పండి అని ఎదురు అడగండి.

జై ఆదివాసీ. జల్, జంగల్, జమీన్ మనవి. మాట కూడా మనదే.